మైక్ ఫ్రాన్సెసా, న్యూయార్క్ స్పోర్ట్స్ రేడియో: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎవరీ మైక్ ఫ్రాన్సెసా?

న్యూయార్క్ రేడియోలో ఆటల గురించి మాట్లాడటమే ఉద్యోగంగా మూడు దశాబ్దాలకు పైగా గడిపిన మనిషి. 1954 మార్చి 20న లాంగ్ ఐలాండ్‌లోని లాంగ్ బీచ్ అనే ఊళ్లో పుట్టాడు. సెయింట్ జాన్స్ యూనివర్సిటీలో చదివాడు. 1987లో డబ్ల్యూఎఫ్ఏఎన్ అనే స్టేషన్‌లో చేరాడు. 1989 నుంచి 2008 దాకా క్రిస్ రూసోతో కలిసి, ఆ తర్వాత ఒంటరిగా మధ్యాహ్నం షో నడిపాడు. పెద్ద ఆటగాడేం కాదు. ఏ జట్టుకీ కోచ్‌గా చేయలేదు. అయినా న్యూయార్క్‌లో ఒక పెద్ద జట్టు ఓడిపోయిందంటే, మర్నాడు మధ్యాహ్నం "మైక్ ఏమంటాడో" అని జనం కార్లలో రేడియో పెట్టుకునేవాళ్లు.

అమెరికా అంతటా వినిపించే హోస్టులు వేరే ఉన్నారు. కాలిఫోర్నియా నుంచి జిమ్ రోమ్, అలబామాలో మొదలై కాలేజీ ఫుట్‌బాల్‌కి (మన ఫుట్‌బాల్ కాదు, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఆట) పెద్ద గొంతుగా మారిన పాల్ ఫైన్‌బామ్ ఆ కోవలోకి వస్తారు. ఫ్రాన్సెసా మాత్రం ఒక్క ఊరి మనిషి. ఆ ఊరి జట్లు, ఆ ఊరి యాస, ఆ ఊరి ట్రాఫిక్ జామ్. ఆ ఊరు న్యూయార్క్ కావడం అతని అదృష్టం.

స్పోర్ట్స్ టాక్ రేడియో అంటే మ్యాచ్ కామెంటరీయేనా?

కాదు. కామెంటేటర్ మ్యాచ్ జరుగుతుంటే చెబుతాడు. ఈ హోస్టు మ్యాచ్ అయిపోయాక పోస్ట్‌మార్టం చేస్తాడు. ఫలానా పిచర్‌ని (బేస్‌బాల్‌లో బౌలర్ లాంటివాడు) అప్పుడే ఎందుకు తీసేశారు, కోచ్‌ని ఎప్పుడు పీకేస్తారు, ఆ ఆటగాడికి అంత డబ్బు ఎందుకు పోశారు... ఇదీ సరుకు. మన టీ కొట్టు దగ్గర ధోనీ మీద జరిగే వాదనకి ఒక మైకు, కొన్ని ఫోన్ లైన్లు, మధ్యమధ్యలో యాడ్లు తగిలిస్తే దాదాపు అదే.

ఫోన్ చేసేవాళ్లకీ ఓ మర్యాద ఉంది. కాలర్ పేరు, పేట పేరు చెప్పి లైన్‌లోకి తీసుకుంటారు. ఇంటిపేరుతో పని లేదు. కాలర్ రాగానే "ఫస్ట్ టైమ్, లాంగ్ టైమ్" అంటాడు. ఫోన్ చేయడం ఇదే మొదటిసారి, వినడం మాత్రం ఏళ్ల తరబడి అని చెప్పుకోవడం అది. తర్వాత తన పాయింట్ చెబుతాడు. కొందరు "ఫోన్ పెట్టేసి వింటాను" అని తప్పుకుంటారు. తెలివైనవాళ్లు అలా చేస్తారు, ఎందుకంటే లైన్‌లో ఉంటే ఫ్రాన్సెసాతో వాదించాలి. ఆ వాదనలో కాలర్ గెలిచిన సందర్భాలు తక్కువ. మైకు ఎవరి చేతిలో ఉందో, ఫోన్ కట్ చేసే బటన్ ఎవరి దగ్గరుందో గుర్తుపెట్టుకుంటే ఎందుకు తక్కువో అర్థమవుతుంది.

రేడియోలోకి ఎలా వచ్చాడు?

దొడ్డిదారిన అనలేం గానీ, ముందు గుమ్మంలోంచి మాత్రం కాదు. చదువయ్యాక ఒక ఫుట్‌బాల్ వారపత్రికలో పనిచేశాడు. 1982 ప్రాంతంలో సీబీఎస్ టీవీ ఆటల విభాగంలో లెక్కలు, వివరాలు సేకరించే ఉద్యోగంలో చేరాడు. అంటే తెర మీద కనిపించేవాళ్లకి పక్కనుంచి సమాచారం అందించే పని. అప్పట్లో సీబీఎస్‌కి ముఖంలాంటి బ్రెంట్ మస్‌బర్గర్ ఇతని మీద బాగా ఆధారపడేవాడు. మస్‌బర్గర్ బుర్ర ఇతనేనని వాళ్లలో వాళ్లు జోకులేసుకునేంతగా. నెమ్మదిగా కాలేజీ బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్ మీద విశ్లేషకుడిగా తెర మీదకీ వచ్చాడు.

ఈ దశని చాలామంది ఒక్క వాక్యంలో దాటేస్తారు. నా దృష్టిలో అతని కెరీర్‌కి పునాది ఇక్కడే పడింది. పాత మ్యాచ్‌ల స్కోర్లు, ఎవరు ఏ ఏడాది ఏ కోచ్ కింద ఆడారు అనే వివరాలు అతని నాలుక చివర ఉండేవి. తర్వాత రేడియోలో కాలర్ ఏ సంవత్సరం ఎత్తినా కాగితం చూడకుండా అందుకునేవాడు. వినేవాడికి అది జ్ఞానంలా వినిపిస్తుంది. నిజానికి చాలావరకు జ్ఞానమే. మిగతాది ధీమా.

డబ్ల్యూఎఫ్ఏఎన్ అంత ప్రత్యేకం ఎందుకు?

24 గంటలూ ఆటలే మాట్లాడే తొలి రేడియో స్టేషన్‌గా దానికి పేరు. 1987 జులై 1 మధ్యాహ్నం 3 గంటలకి మొదలైంది. అంతకుముందు అదే ఫ్రీక్వెన్సీలో, ఏఎం 1050లో, డబ్ల్యూహెచ్ఎన్ అనే కంట్రీ సంగీతం స్టేషన్ ఉండేది. దాన్ని తీసేసి పొద్దస్తమానం ఆటల మాటలే పెడతామంటే జనం నవ్వారు. రాత్రి మూడింటికి బేస్‌బాల్ గురించి ఎవడు వింటాడని ప్రశ్న. మొదటి రోజు మొదట వినిపించిన గొంతు సూజిన్ వాల్డ్‌మన్‌ది. ఆటల రేడియో అంటే మగవాళ్ల అడ్డా అనుకునే రోజుల్లో ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. ఆమె తర్వాత న్యూయార్క్ బేస్‌బాల్ జట్టు యాంకీస్ రేడియో ప్రసారాల్లో స్థిరపడింది.

టైమింగ్ మాత్రం కలిసొచ్చింది. బేస్‌బాల్ జట్టు మెట్స్ 1986లో వరల్డ్ సిరీస్ గెలిచింది. ఫుట్‌బాల్ జట్టు జెయింట్స్ 1987 జనవరిలో సూపర్ బౌల్ గెలిచింది. ఊరంతా ఆటల వేడిలో ఉంది. పైగా డబ్ల్యూహెచ్ఎన్ నుంచి మెట్స్ ప్రసార హక్కులు ఈ కొత్త స్టేషన్‌కి సంక్రమించాయి.

అయినా మొదటి ఏడాది నష్టాలే. దేశంలో పేరున్నవాళ్లని తెచ్చి మైకు ముందు కూర్చోబెట్టారు. పొద్దున గ్రెగ్ గంబెల్, మధ్యాహ్నం జిమ్ లాంప్లీ, సాయంత్రం క్లీవ్‌లాండ్ నుంచి తెచ్చిన పీట్ ఫ్రాంక్లిన్. ఫ్రాంక్లిన్ మంచి అనుభవజ్ఞుడే, కానీ న్యూయార్క్ జనానికి అతను బయటివాడు. 1988 అక్టోబర్ 7న స్టేషన్ ఏఎం 660కి మారింది. అది పాత డబ్ల్యూఎన్‌బీసీ స్థానం. 50 కిలోవాట్ల సిగ్నల్, రాత్రిపూట అమెరికా తూర్పు భాగంలో చాలా దూరం వినిపిస్తుంది. దాంతోపాటు అక్కడి ఉదయం హోస్ట్ డాన్ ఐమస్ కూడా వచ్చాడు. ఐమస్ మాట్లాడేది ఆటల గురించి కాదు, అయినా అతని వినేవాళ్లు ఈ స్టేషన్‌కి అలవాటుపడ్డారు. డబ్బు రావడం అక్కడ మొదలైంది. 1992లో స్టేషన్‌ని 7 కోట్ల డాలర్లకి అమ్మారు. ఒక్క ఏఎం స్టేషన్‌కి అప్పట్లో అది కళ్లు తిరిగే ధర.

'మ్యాడ్ డాగ్' ఎవరు? జోడీ ఎలా కుదిరింది?

క్రిస్ రూసో. 1959లో పుట్టాడు. ఇతనూ లాంగ్ ఐలాండ్ వాడే, కానీ తిక్కగా శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ అనే బేస్‌బాల్ జట్టు అభిమాని. ఫ్లోరిడాలో రేడియో నేర్చుకుని న్యూయార్క్ తిరిగొచ్చాడు. గొంతు కీచుగా, వేగంగా. ఆవేశం వస్తే మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, సగం పేర్లు తప్పుగా పలుకుతాడు. మ్యాడ్ డాగ్ అనే ముద్దుపేరు పెట్టింది డైలీ న్యూస్ పత్రిక కాలమిస్ట్ బాబ్ రైస్‌మన్.

ఫ్రాన్సెసా అప్పటికి వీకెండ్ షోలు, ఆ తర్వాత ఎడ్ కోల్మన్‌తో కలిసి మధ్యాహ్నం షో చేస్తున్నాడు. ఫ్రాంక్లిన్ వెళ్లిపోయాక సాయంత్రం ఖాళీ అయింది. ప్రోగ్రామ్ డైరెక్టర్ మార్క్ మేసన్ వీళ్లిద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టాడు. 1989 సెప్టెంబర్ 5న మొదటి షో. ఫ్రాన్సెసాకి పార్ట్‌నర్ అక్కర్లేదు, షో తనదే కావాలి. రూసోకి వచ్చిన అవకాశం చాలు.

తూకం ఎక్కడ కుదిరిందంటే, ఒకడు జడ్జిలా తీర్పులిస్తాడు, ఇంకొకడు కోర్టు బయట గొడవ చేస్తాడు. ఫ్రాన్సెసా మెల్లగా, బరువుగా "అది జరగదు" అంటాడు. రూసో "ఎందుకు జరగదు మైకీ!" అన్నట్టు కేకలేస్తాడు. ఇద్దరికీ ఆటలు తెలుసు. ఇద్దరూ నిజంగానే గెలవాలని వాదిస్తారు. ఈ రోజుల్లో టీవీ డిబేట్లలో ముందే స్క్రిప్ట్ పంచుకుని నువ్వు అవును, నేను కాదు అనుకునే పద్ధతి ఉంది చూశారూ, ఆ వాసన వీళ్లలో రాలేదు.

ఇద్దరికీ పడేది కాదట, నిజమేనా?

చాలావరకు నిజం. మొదటి సంవత్సరాల్లో యాడ్లు వస్తున్నంతసేపూ పక్కపక్కనే కూర్చుని ఒకరితో ఒకరు మాట్లాడుకోని రోజులు ఉన్నాయని ఇద్దరూ తర్వాత చెప్పుకున్నారు. ఎర్ర లైటు వెలగగానే మళ్లీ మామూలే. జీతాలు, ఎవరి పేరు ముందు, ఎవరెంత ఎక్కువ మాట్లాడారు... గొడవలకి కారణాలు ఏ ఉమ్మడి వ్యాపారంలోనైనా ఉండేవే.

2008 వేసవిలో తెగిపోయింది. ఆగస్టు 8న కలిసి చేసిన షో చివరిదైంది. వారం తిరక్కుండా రూసో వెళ్లిపోతున్నట్టు ప్రకటన వచ్చింది. శాటిలైట్ రేడియో సిరియస్ ఎక్స్ఎం అతనికి తన ముద్దుపేరుతోనే ఒక ఛానెల్ ఇచ్చింది. వెళ్లేముందు రూసో షోకి ఫోన్ చేసి వీడ్కోలు చెప్పాడు. 19 ఏళ్లు కొట్టుకున్న ఇద్దరు మగవాళ్లు లైవ్‌లో గొంతు పూడుకుపోయి మాట్లాడటం విన్నవాళ్లు ఇప్పటికీ దాని గురించే చెబుతారు. 2016 మార్చిలో రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో చారిటీ కోసం మళ్లీ ఒక సాయంత్రం కలిశారు. టికెట్లు చిటికెలో అయిపోయాయి.

రూసోకి ఆ తర్వాతా మంచి రోజులే. 2012లో నేషనల్ రేడియో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 2022 నుంచి ఈఎస్‌పీఎన్ డిబేట్ షోలో బుధవారాలు కనిపిస్తూ, కొత్త తరం కుర్రాళ్లకి "ఆ అరిచే పెద్దాయన"గా పరిచయమయ్యాడు.

జోడీ విడిపోయాక షో పడిపోలేదా?

అందరూ పడిపోతుందనే అనుకున్నారు. ఫ్రాన్సెసా ఒంటరిగా మధ్యాహ్నం 1 నుంచి 6:30 దాకా కూర్చున్నాడు. ఐదున్నర గంటలు, పక్కన ఇంకో హోస్ట్ లేకుండా, వారానికి ఐదు రోజులు. ఎప్పుడైనా ఒక గంట ఆపకుండా మాట్లాడి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. కాలర్లు ఉంటారు కదా అనొచ్చు. ఉంటారు, కానీ ఒక చచ్చు కాల్‌ని బతికించాల్సిందీ, బాగున్న కాల్‌ని సరైన చోట ఆపాల్సిందీ హోస్టే.

రూసో ఉన్నప్పుడు ఫ్రాన్సెసా అతని ఆవేశానికి ఎదురుగా నిలబడితే సరిపోయేది. రూసో పోయాక ఆ పాత్ర కాలర్లకి వచ్చింది. ఈ ఒంటరి కాలమే నాకు ఎక్కువ ఇష్టం. ఇంకా నెమ్మదిగా, ఇంకా పెత్తందారీగా, ఒక్కోసారి అనుకోకుండా ఇంకా నవ్వొచ్చేలా తయారయ్యాడు.

రేడియో షోని టీవీలో చూపించడమేంటి?

2002 మార్చిలో యాంకీస్ సొంత ఛానెల్ యెస్ నెట్‌వర్క్ మొదలైంది. మధ్యాహ్నాలు నింపుకోవడానికి వాళ్లకి చవకైన కార్యక్రమం కావాలి. స్టూడియోలో కెమెరాలు పెట్టి రేడియో షోనే ప్రసారం చేశారు. 2014 మొదట్లో ఆ ఒప్పందం ముగిశాక 2015 దాకా ఫాక్స్ స్పోర్ట్స్ ఛానెళ్లలో వచ్చింది.

చూడటానికి ఏముందంటే, పెద్ద మనిషి ఒకడు, ముందు మైకు, చేతికి అందేలా డైట్ కోక్. కాలర్ మాట్లాడుతుంటే ఒక గుటక వేస్తాడు. నచ్చకపోతే కుర్చీలో వెనక్కి వాలతాడు. కాలర్‌కి ఆ వాలడం కనిపించదు, చూసేవాళ్లకి కనిపిస్తుంది. అంటే కొట్టబోతున్నాడని అర్థం. ఆ రెండు సెకన్ల కోసమే టీవీ పెట్టుకున్నవాళ్లున్నారు.

లైవ్‌లో నిద్రపోయాడన్నది నిజమా?

2012 సెప్టెంబర్. యాంకీస్ వార్తలు చూసే రిపోర్టర్ స్వీనీ మర్టీ ఫోన్‌లో జట్టు పరిస్థితి వివరిస్తున్నాడు. కెమెరాలో ఫ్రాన్సెసా కళ్లు మూతపడ్డాయి, తల వాలింది, కాసేపు అలాగే ఉండి తేరుకున్నాడు. క్లిప్ క్షణాల్లో ఊరంతా తిరిగింది. నిద్రపోలేదని అతను గట్టిగా ఖండించాడు. వీడియో చూసినవాళ్లు వాళ్ల అభిప్రాయం వాళ్లు ఏర్పరచుకున్నారు. ఐదున్నర గంటల షో చేసేవాడికి మధ్యాహ్నం భోజనం తర్వాత ఒక కునుకు రావడం నాకైతే నేరంగా తోచలేదు. లేదని వాదించడంలోనే అసలు వినోదం.

అన్నీ తనకే తెలుసన్నట్టు మాట్లాడతాడని విమర్శ. ఎంత నిజం?

పూర్తిగా నిజం, అదే అతని పనితనం కూడా. ఒకసారి కాలర్ డెట్రాయిట్ టైగర్స్ పిచర్ ఆల్ ఆల్బుకర్కీ పేరెత్తాడు. ఆ పేరే ఎప్పుడూ విననట్టు, కాలర్ ఏదో ఆటపట్టిస్తున్నట్టు కొట్టిపారేశాడు. ఆ పిచర్ నిజంగానే ఉన్నాడు, మేజర్ లీగ్‌లో ఆడుతున్నాడు. అలాంటివి చాలా ఉన్నాయి. జోస్యాలు తప్పేవి. తప్పాక, తను అలా అనలేదన్నట్టు మాట్లాడేవాడు. పాత టేపులు దాచుకున్న అభిమానులు రెండూ పక్కపక్కన పెట్టి ఇంటర్నెట్‌లో వదిలేవాళ్లు. ట్విట్టర్‌లో ఇందుకోసమే నడిచిన 'ఫన్‌హౌస్' అనే ఖాతా బాగా పేరు తెచ్చుకుంది. బ్రేక్‌కి వెళ్లేముందు "బ్యాక్ ఆఫ్టర్ దిస్" అనే మాటని అతను తన యాసలో కలిపేసి "బ్యాకాఫ్టదిస్" అంటాడు. ఆ ఖాతా హ్యాండిల్ కూడా అదే.

అయితే ఒకటి గమనించాలి. "చెప్పలేం, రెండు వైపులా న్యాయం ఉంది" అనే హోస్ట్‌కి ఎవడూ ఫోన్ చేయడు. ఫోన్ చేయాలంటే కోపం రావాలి, కోపం రావాలంటే అవతలివాడు తప్పని తెలిసినా నిబ్బరంగా అనాలి. ఫ్రాన్సెసా తీర్పు తప్పైన రోజు లైన్లు ఇంకా నిండేవి. ఇంత మంది అతన్ని వెక్కిరించడానికైనా రోజూ విన్నారు. 2014 నుంచి అభిమానులు 'ఫ్రాన్సెసాకాన్' పేరుతో అతని వేషాలు, అనుకరణలతో జాతరలాంటిది పెట్టుకున్నారు. వెక్కిరింతకీ ప్రేమకీ మధ్య గీత అక్కడ ఎక్కడుందో వెతకడం వృథా.

అతని ఇంటర్వ్యూలు మాత్రం వెక్కిరించదగినవి కావు. ఫుట్‌బాల్ కోచ్ బిల్ పార్సెల్స్‌తో దగ్గరి స్నేహం. పెద్ద కోచ్‌లు ఇతనితో ఆట గురించి లోతుగా మాట్లాడేవాళ్లు, ఎందుకంటే ఇతను లోతుగా అడిగేవాడు.

కాలర్‌గా మొదలై హోస్ట్ అయినవాళ్లు ఉన్నారా?

ఉన్నారు, ఈ స్టేషన్ చరిత్రలో నాకు బాగా నచ్చిన కథ ఇదే. న్యూజెర్సీలోని సాడిల్ రివర్ నుంచి జో అనే ఒకాయన ఎప్పుడూ ఫోన్ చేస్తుండేవాడు. ఫుట్‌బాల్‌లో జెట్స్, బేస్‌బాల్‌లో మెట్స్ అభిమాని, అంటే జీవితాంతం బాధలు రాసిపెట్టి ఉన్నవాడు. 1994లో శ్రోతల పోటీలో గెలిచి కాసేపు హోస్ట్‌గా కూర్చున్నాడు. 1995లో అర్ధరాత్రి దాటాక వచ్చే షోకి అతన్నే ఉద్యోగంలోకి తీసుకున్నారు. పేరు జో బెనిన్యో. పాతికేళ్ల తర్వాత, 2020 జనవరిలో, ఫ్రాన్సెసా ఖాళీ చేసిన మధ్యాహ్నం సీట్లో ఎవాన్ రాబర్ట్స్‌తో కలిసి కూర్చున్నది ఈ జోయే. ఆ నవంబర్‌లోనే రిటైరయ్యాడు.

రేటింగులు ఎలా లెక్కపెడతారు? డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

ఒకప్పుడు కొంతమంది శ్రోతలకి డైరీలిచ్చి ఏం విన్నారో రాయమనేవాళ్లు. తర్వాత పేజర్ లాంటి చిన్న పరికరం వచ్చింది. స్టేషన్ శబ్దంలో చెవికి వినపడని సంకేతం ఉంటుంది, పరికరం దాన్ని పట్టుకుంటుంది. ఇప్పుడు ఈ లెక్క నీల్సన్ సంస్థది. ఆటల రేడియోకి ముఖ్యమైన అంకె 25 నుంచి 54 ఏళ్ల మగవాళ్లది. మొత్తం ఊళ్లో ఎన్నో స్థానమన్నది ఎవరికీ పట్టదు, కార్లు, బీర్లు, ఇన్సూరెన్సు కొనే ఆ వర్గంలో మొదటి స్థానం ఎవరిదన్నదే టెన్షన్. ఫ్రాన్సెసా అందులో ఏళ్ల తరబడి ముందున్నాడు. చివరి రోజుల్లో ఈఎస్‌పీఎన్ రేడియోలో మైకేల్ కే షో గట్టి పోటీ ఇచ్చింది. ఇంటర్నెట్‌లో వినేవాళ్లని కలిపి లెక్కపెట్టాలా వద్దా అని కూడా రెండు పక్షాలూ కొట్టుకున్నాయి.

యాడ్లలో ఖరీదైనవి హోస్ట్ తన నోటితో చదివేవి. రోజూ ఐదు గంటలు వినే గొంతు ఫలానా పరుపు కొనమంటే జనం కొంటారు.

ఆటలు కాకుండా వేరే విషయాలు మాట్లాడేవాడా?

ఊరికి ఏదైనా అయితే మాట్లాడేవాడు. 2020 మార్చి చివర్లో కరోనా న్యూయార్క్‌ని కమ్మేసినప్పుడు ఆటలన్నీ ఆగిపోయాయి. ఆటల హోస్ట్‌కి మాట్లాడటానికి ఆటే లేదు. అప్పటిదాకా ట్రంప్‌ని సమర్థిస్తూ వచ్చిన ఫ్రాన్సెసా, క్వీన్స్ ఆసుపత్రుల దృశ్యాలు ప్రస్తావిస్తూ, ఇంతమంది చస్తుంటే బాగా చేస్తున్నామని ఎలా చెప్పుకుంటారని లైవ్‌లో విరుచుకుపడ్డాడు. జాతీయ పత్రికలు ఆ మాటల్ని వార్తగా రాశాయి. రాజకీయ విశ్లేషకుడు అదే అంటే ఎవరూ రాసేవాళ్లు కాదు.

రిటైర్ అయ్యి మళ్లీ వచ్చాడేంటి?

ముందే ప్రకటించి, ఏడాది పొడవునా వీడ్కోళ్లు అందుకుని, 2017 డిసెంబర్ 15న వెళ్లిపోయాడు. అతని స్థానం కోసం పరీక్షకి వచ్చినవాళ్లలో అప్పటి న్యూజెర్సీ గవర్నర్ క్రిస్ క్రిస్టీ ఒకడు. జులైలో రెండు రోజులు కూర్చున్నాడు. అంతకు కొద్ది రోజుల ముందే, ప్రభుత్వం స్తంభించి జనానికి మూసేసిన బీచ్‌లో కుటుంబంతో సేదతీరుతున్న అతని ఫొటో బయటికొచ్చింది. మాంట్‌క్లెయిర్ నుంచి ఒక కాలర్ లైవ్‌లోనే దాని మీద తిట్టాడు. గవర్నర్ అతన్ని కమ్యూనిస్టన్నాడు. ఆ ఉద్యోగం గవర్నర్‌కి దక్కలేదు.

2018 జనవరిలో ముగ్గురు కొత్త హోస్టులతో షో మొదలైంది. నాలుగు నెలలకే, మే 1న, ఫ్రాన్సెసా మళ్లీ కుర్చీలో ఉన్నాడు. ఆ ముగ్గురికీ ఇది ఎలా ఉంటుందో ఊహించండి. నాకైతే అతని కెరీర్‌లో మింగుడుపడని ఘట్టం ఇదే. ఆ ఏడాదే నెలకి దాదాపు 9 డాలర్ల చందాతో సొంత యాప్ పెట్టాడు, అది నిలదొక్కుకోలేదు. రేడియోలో ఉచితంగా దొరికే గొంతుకి జనం డబ్బు ఎందుకు కడతారు? 2019 డిసెంబర్ 13న మధ్యాహ్నం షో వదిలాడు. అరగంట షో ఒకటి కొన్నాళ్లు నడిచింది. 2020 జులైలో అదీ ముగిసింది.

ఇప్పుడేం చేస్తున్నాడు?

బెట్‌రివర్స్ అనే బెట్టింగ్ సంస్థ కోసం పాడ్‌కాస్ట్. కాలర్లు ఫోన్ చేసే హడావుడి లేకుండా అతనొక్కడే మాట్లాడతాడు. కాలర్ లేని ఫ్రాన్సెసా నాకు సగం ఫ్రాన్సెసాలా అనిపిస్తాడు.

బెట్టింగ్ కంపెనీ ఎందుకంటే, 2018 మేలో అమెరికా సుప్రీంకోర్టు రాష్ట్రాలు ఆటల మీద బెట్టింగ్‌ని అనుమతించుకోవచ్చని తీర్పిచ్చింది. ఆ కేసుని సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లింది న్యూజెర్సీ, ఆ పోరాటం మొదలుపెట్టింది పైన చెప్పిన క్రిస్టీయే. తీర్పు తర్వాత స్పోర్ట్స్ రేడియో యాడ్లన్నీ బెట్టింగ్ యాప్‌లతో నిండిపోయాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ బెట్టింగ్‌ని నిషేధించాయి కాబట్టి, అక్కడి పాడ్‌కాస్ట్ విని ఇక్కడ ఉత్సాహపడకండి.

తెలుగులో ఇలాంటి రేడియో ఎందుకు రాలేదు?

ఆసక్తి లేక కాదు. ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లకి మన దేశంలో సొంతంగా వార్తలు చెప్పే వీల్లేదు. 2011 నాటి మూడో దశ విధానం ఆటల సమాచారాన్ని వార్తల కింద లెక్కకట్టలేదు గానీ, పెద్ద మ్యాచ్‌ల ప్రత్యక్ష ప్రసారానికి అనుమతి ఇవ్వలేదు. స్థానిక ఆటల కామెంటరీకి మాత్రం వీలుంది. వేలంలో కోట్లు పోసి లైసెన్స్ తీసుకున్నవాడు సినిమా పాటలు వేసుకుంటే చాలనుకుంటాడు. పైగా అమెరికాలో ఒక్క న్యూయార్క్‌కే బేస్‌బాల్‌లో రెండు, ఫుట్‌బాల్‌లో రెండు జట్లు ఉన్నాయి, ఏడాది పొడవునా ఏదో ఒకటి ఆడుతూ, ఎక్కువగా ఓడుతూ ఉంటుంది. మనకి ఊరి జట్టంటే హైదరాబాద్ సన్‌రైజర్స్, అదీ రెండు నెలలు. ఆ వాదనలన్నీ ఇప్పుడు యూట్యూబ్ లైవ్‌లకి, వాట్సాప్ గ్రూపులకి వెళ్లిపోయాయి.

న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి డబ్ల్యూఎఫ్ఏఎన్ కారు రేడియోలో దొరుకుతుంది, 660 ఏఎంలోనూ, 2012 నుంచి 101.9 ఎఫ్ఎంలోనూ. 2024 జూన్ 9న భారత్ 119 పరుగులకే ఆలౌటై కూడా పాకిస్థాన్‌ని 6 పరుగుల తేడాతో ఓడించిన మ్యాచ్ జరిగింది లాంగ్ ఐలాండ్‌లోని నసావు కౌంటీలో. ఫ్రాన్సెసా పుట్టిన లాంగ్ బీచ్ కూడా ఆ కౌంటీలోదే.

బేస్‌బాల్ తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆట తెలియకపోయినా పర్వాలేదు. రూసో వీడ్కోలు ఫోన్ ముందు వినండి, ఒక్క స్కోరూ తెలియకపోయినా అర్థమవుతుంది. ఈఎస్‌పీఎన్ 2017లో ఈ జోడీ మీద తీసిన డాక్యుమెంటరీ గంటలోపే అయిపోతుంది. తర్వాత యెస్ నెట్‌వర్క్ రోజుల క్లిపుల్లోకి దిగండి. మెట్స్ అభిమాని ఎవరైనా లైన్‌లోకి వచ్చి "ఈసారి మావాళ్లు కొడతారు మైక్" అని మొదలుపెట్టే క్లిప్ దొరికితే వదలకండి. డైట్ కోక్ ఎప్పుడు అందుకుంటాడో చూస్తూ ఉండండి.